ఏలినాటి శనైనా ఏడున్నర ఇచ్చాడు

మహారాజశ్రీ క్యాబిన్ బ్యాగేజీ ఏడు కిలోల నిబంధన గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదు నుంచి ఒక ప్రయాణికుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు కుశలమే, అందులో నాకు సందేహం లేదు. ఇటుపక్క సంగతే బాగాలేదు.

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు విమాన సంస్థకు ఫోను చేసి, దాన్ని చెవికి ఆనించుకుని సోఫాలో కూర్చున్నాను. లేచేసరికి నాలుగుంబావు. ఆ మధ్యంతా ఒకటే సంగీతం ముక్క. అది సితారో సింథసైజరో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. చివరికి ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది. మార్చిలో నేను టికెట్ కొనకముందు మీ వాళ్ళే చాట్‌లో "కెమెరా బ్యాగు విడిగా తెచ్చుకోవచ్చు సార్" అన్నారని, స్క్రీన్‌షాట్ కూడా దాచానని విన్నవించుకున్నాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా "అది సమాచారం మాత్రమే సార్, అనుమతి కాదు" అంది.

రాత్రంతా ఆ వాక్యాన్నే నమిలాను. పెళ్ళయిన మర్నాడు "అబ్బాయికి ఉద్యోగం ఉందన్నది సమాచారం మాత్రమే వదినగారూ" అంటే ఎలా ఉంటుందండీ?

వెళ్ళేది మడగాస్కర్‌కి. పదహారు రోజులు. నాలుగేళ్ళు చీటీ కట్టి, ఆఖరి పాట దాకా నోరు కట్టుకుని దాచిన డబ్బు. ఇంకా అయిదు రోజులుంది. ముందుగదిలో నేల మీద దుప్పటి పరిచి సామానంతా పేర్చాను. పనమ్మాయి మూడు రోజులుగా ఆ గది ఊడవడం మానేసింది.

తూచింది మా బావమరిది అమెరికా ప్రయాణానికి కొన్న వేలాడే డిజిటల్ కాటాతో. 23 కిలోలకు పావు కిలో అటూ ఇటూ కాకుండా ఆవకాయ, కందిపొడి, సున్నుండలు సర్దడం తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. తూకం మాకు కొత్త కాదు స్వామీ.

చిత్తగించండి. ఖాళీ బ్యాగు 1 కిలో 900. అంటే లోపల ఇంకా ఏమీ పెట్టకముందే మీరు దయచేసినదాంట్లో పావువంతుకు పైగా గుడ్డకీ జిప్పులకీ పోయింది.

200-500 లెన్సు 2 కిలోల 300. ఇది ఇంద్రి కోసం. బతికున్న లీమర్లలో, అంటే ఆ దీవిలో ఉండే కోతి చుట్టాల్లో, అదే పెద్దది. తూర్పు మడగాస్కర్ అడవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. బంధిస్తే బతకదు కాబట్టి జూలో చూసి సరిపెట్టుకునే వీలూ లేదు. అండాసిబే అడవిలో పొద్దున్నే చెట్ల మీద కూర్చుని గొంతెత్తిందంటే రెండు కిలోమీటర్ల అవతలికి వినిపిస్తుంది. పాట ఒక్కటే చాలనుకుంటే ఫోను సరిపోతుంది. చిటారుకొమ్మల్లో ఉన్న ఆ ముఖం, ఆ పచ్చటి కళ్ళు కావాలంటే ఈ లెన్సు లేకుండా కుదరదు. అన్నట్టు, ఎదిగిన ఇంద్రి బరువు ఆరు నుంచి తొమ్మిదిన్నర కిలోలు. నేను ఫోటో తీయబోయే జంతువే మీ కౌంటరు దాటదు.

మాక్రో లెన్సు 720 గ్రాములు, బ్రూకేసియా ఊసరవెల్లుల కోసం. 2021లో లోకానికి పరిచయమైన బ్రూకేసియా నానాలో మగది తోకతో కలిపి 22 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది ఉండేది ఉత్తరాన ఎక్కడో కొండల్లో, నేను అంతదూరం పోవడం లేదు. చిటికెనవేలంత ఉండే దాని బంధువులు దొరికినా నాకు పండగే.

వైడ్ లెన్సు 480 గ్రాములు. మొరొండావా దగ్గర మట్టిరోడ్డుకు అటూ ఇటూ దాదాపు ముప్ఫై మీటర్ల ఎత్తు లేచిన బావోబాబ్ చెట్లు నిలువునా ఫ్రేములో పట్టాలి కదా. దీని మీద మా ఇంట్లో ఒక చర్చ జరిగింది. "ఏమండీ, గోల్కొండ నయా ఖిలాలో ఉన్నది ఆ చెట్టేగా? అందరం కలిసి దాని బోదె పక్కన ఫోటో కూడా దిగాం. నాకైతే బస్సు కూడా ఫ్రీ" అంది మా ఆవిడ. అది ఆఫ్రికా జాతి, మడగాస్కర్‌లో మరెక్కడా లేని జాతులు ఆరున్నాయి అని చెప్పాను. "ఆరూ చెట్లేగా" అంది. జవాబు లేదు నా దగ్గర.

కెమెరాలు రెండు, ఒక్కోటి 860 గ్రాములు. రెండెందుకని అడుగుతారు. మొరొండావా నుంచి సింజీ రాతి అడవి దాకా రెండొందల కిలోమీటర్లే, కానీ తెల్లారి బయలుదేరితే చీకటి పడేదాకా ప్రయాణం. రెండు చోట్ల కారును పంటు ఎక్కించి ఏరు దాటించాలి. దారంతా ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములో ఒక కెమెరా కళ్ళు మూసిందంటే బాగుచేయించడానికి అక్కడ కోఠీ లేదు.

ఫ్లాష్ 460. ల్యాప్‌టాప్ 1 కిలో 400. బ్యాటరీలు, చార్జర్లు, కార్డులు, హార్డ్ డిస్కు కలిపి 900. మొత్తం 9 కిలోల 880. మూడుసార్లు తూచాను. మూడోసారి ఊపిరి బిగబట్టి తూచాను. తగ్గలేదు.

"కిందికి వేసేయండి సార్" అంది ఫోన్లో ఆ అమ్మాయి. వేసేద్దాం. కానీ విడి లిథియం బ్యాటరీలు కింద పెట్టకూడదు. సామాను గదిలో అంటుకుంటే ఆర్పే దిక్కుండదు కాబట్టి ఆ నియమంతో నాకు పేచీ లేదు. మరి లెన్సులు? పగిలేవీ ఖరీదైనవీ చెక్-ఇన్ సామానులో పెట్టొద్దు, పెడితే మా పూచీ లేదు అని మీ షరతుల కాగితంలోనే ఉంది. పైన పెడితే బరువు, కింద పెడితే మా పూచీ లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కింద నాకు రెండు పెట్టెలు, 46 కిలోలు రాసిచ్చారు. నా బట్టలు, బూట్లు, ట్రైపాడ్, మందులు, మా ఆవిడ బలవంతాన పెట్టిన జంతికల డబ్బా అన్నీ కలిపి 13 కిలోలు. నా వాటాలో 33 కిలోల చోటు ఖాళీగా ఎగురుతూ మడగాస్కర్ దాకా పోతుంది. ఆ ఖాళీలోంచి 2 కిలోల 880 గ్రాములు పైకి పంపమంటున్నాను, అంతే. విమానం అదే, ఇంధనం అదే, నేనూ వాడినే. పోనీ డబ్బు కడతానన్నాను. "అదనపు బరువు కింద కొనుక్కోవచ్చు సార్, పైన కుదరదు" అంది. నాకు 33 కిలోలు మిగిలిపోయిన చోటే ఇంకా కొనుక్కోమని!

ఇక "గారు" నా వల్ల కాదు.

ఒరేయ్ ఏడు కిలోలూ, నీ పేరులోనే ఏడుపుంది. ఏడు అంటే అంకె అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆజ్ఞ అని నిన్ననే అర్థమైంది. మనిషిని పీడించడమే పనిగా పెట్టుకున్న ఏలినాటి శనైనా ఏడున్నర ఇచ్చాడు. ఆ అర కూడా నీకు చేతులు రాలేదు. నన్ను కాటా మీద నిలబెట్టి గ్రాములు లెక్కపెడతావు. కౌంటరు దాటిన పది నిమిషాలకు డ్యూటీ ఫ్రీలో మూడు సీసాలూ రెండు కిలోల చాక్లెట్లూ కొన్నవాడు ఆ సంచీ ఊపుకుంటూ విమానం ఎక్కుతాడు. అప్పుడు నీ కాటా ఎక్కడికి పోతుంది? సీసా బరువు కాదు, లెన్సు బరువా?

దాదాపు 8 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట మడగాస్కర్ మన భూభాగానికి అతుక్కునే ఉండేది. అప్పుడైతే నడిచే పోయేవాణ్ణి. అది విడిపోయిన తర్వాత ఎప్పుడో లీమర్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి, కొట్టుకుపోతున్న చెట్లూ తీగల తెప్పల మీద సముద్రం దాటి ఆ దీవి చేరాయని శాస్త్రవేత్తలు అంటారు. ఆ కోతి మొహాలను ఒడ్డున ఎవరైనా ఆపి "చేతి సామాను చూపించండి" అన్నారా? అని ఉంటే ఈవాళ ఇంద్రీ లేదు, దాని పాటా లేదు, నాకీ ఖర్చూ లేదు.

మిగతా ఏర్పాట్లతో నాకు ఇంత గొడవ లేదు. దారిలో ఆఫ్రికా గడ్డ మీద విమానం మారాలి కాబట్టి ఎల్లో ఫీవర్ సూది కోసం రెండుసార్లు తిరిగాను. సీసా మూత తీయడానికి తగినంతమంది కూడలేదని మొదటిసారి వెనక్కి పంపారు. వేశాక పది రోజులకు గానీ ఆ పసుపు కార్డు చెల్లదట, కానీ ఆ తర్వాత జన్మంతా చెల్లుతుంది. నీకన్నా అదే నయం. మలేరియాకు డాక్సీసైక్లిన్ రోజుకొకటి, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు. లెన్సులకు బూజు పట్టకుండా చెప్పుల పెట్టెల్లోంచి సిలికా జెల్ పొట్లాలు ఏడాదిగా ఏరుతున్నాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేయించి మళ్ళీ వాడుకోవచ్చంటారు. "నా మూకుట్లో మాత్రం కాదు" అని ఇంట్లో ముందే తేల్చేశారు.

అందుకని ఈ పొద్దున మా వీధి చివర దర్జీ దగ్గరికి వెళ్ళాను. బారెడు కోటు, లోపల ఎడమవైపు మోచేతి పొడుగున ఒక జేబు, కుడివైపు రెండు అరచేతులంత ఇంకోటి, రెండింటికీ లోపల స్పాంజి. లెన్సు చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, ఇది కోటా, గోనెసంచా?" అన్నాడు. రెండూ అన్నాను. ఎక్కడికని అడిగితే చెప్పాను. "గంత దూరం పోయి కోతుల ఫోటోలా? మా ఇంటి మీద రోజూ పదొస్తయి సార్, ఫ్రీ" అన్నాడు. ఎల్లుండికి ఇస్తానన్నాడు. దర్జీ ఎల్లుండి అంటే ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది కూడా సమాచారం మాత్రమే కావచ్చు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. నువ్వు లేకపోతే ఇంకో రెండు లెన్సులు, ఇంకో ట్రైపాడ్ మోసుకుపోయేవాణ్ణే. రెండేళ్ళ కిందట కబిని అడవిలో అలాగే మోసి వారం రోజులు నడుం పట్టేసి పడుకున్నాను. ఈ సంగతి మా ఆవిడతో మాత్రం అనకు.

కోటు వస్తే ఆ పెద్ద లెన్సూ, ఒక కెమెరా అందులోకి పోతాయి. బ్యాగు 6 కిలోల 720 అవుతుంది. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి, అక్టోబరులో, హైదరాబాదులో, బారెడు కోటు వేసుకుని చెమటలు కక్కుతూ ఒకడు నీ ముందుకొచ్చి నిలబడతాడు. వంగమని మాత్రం అడక్కు.

ఇట్లు,
నీ విధేయుడు
(కోటు లేకుండా 84 కిలోలు, కోటుతో 87 కిలోల 810 గ్రాములు)