సూది దిగకుండానే తగ్గింది

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగుల పనితీరు గాడితప్పే జబ్బు) ఉందని ఎవరి దగ్గరైనా నోరు జారామా, ఇక సలహాలే సలహాలు. వాము నీళ్లు, మజ్జిగ, గోధుమలు మానెయ్యడం. వాటికి తోడు ఇప్పుడు ఆక్యుపంక్చర్, అంటే ఒంటికి సన్నని సూదులు గుచ్చే వైద్యం. "వదినా, మా ఆఫీసులో ఒకాయనకి పది సిట్టింగుల్లో మొత్తం పోయిందట, వేల ఏళ్ల చైనా వైద్యం, ఊరికే ఉంటుందా" అంటారు. పక్కనే ఇంకొకరు "అదంతా బోగస్" అని తీసిపారేస్తారు. నాకు ఇద్దరితోనూ పేచీయే.

ఈ జబ్బు లేనివాళ్లకి ఒక మాట. స్కోపీ నార్మల్, రక్తపరీక్ష నార్మల్, స్కానింగ్ నార్మల్. అయినా పొద్దున లేస్తే కడుపు మెలిపెడుతుంది. బస్సెక్కే ముందు దారిలో బాత్రూం ఎక్కడుందో ఆరా తీయాలి. పేగుకీ మెదడుకీ మధ్య నడిచే సంకేతాల్లో తేడా వచ్చి, పేగులో మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. రిపోర్టులో ఏమీ కనిపించదు కాబట్టి "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు.

సూదుల విషయానికొస్తే, 2008లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని ఈ రెండు వర్గాలూ చదవాలి. అది బోస్టన్‌లో టెడ్ కాప్చుక్ బృందం చేసింది. ఆయన మకావులో చైనా వైద్యం చదువుకుని, తానే సూదులు పెట్టిన మనిషి, కాబట్టి పగబట్టి చేశాడని అనలేం. 262 మంది ఐబీఎస్ రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుని ఊరికే వెయిటింగ్ లిస్టులో ఉంచారు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు పెట్టారు. నాటకాల్లో కత్తిలాగా ఒత్తగానే పిడిలోకి వెళ్లిపోయే రకం అవి. మాటలు కూడా అంతంతమాత్రమే. మూడో గుంపుకీ అవే ఉత్తుత్తి సూదులు, కానీ మొదటిరోజు చికిత్స చేసే మనిషి ముప్పావుగంట కూర్చుని బాధంతా అడిగి, విని, ధైర్యం చెప్పాడు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. ఆ మూడు వారాల్లో అసలు సూది ఒక్కరికీ దిగలేదు!

తర్వాత నిజం సూదికీ ఉత్తుత్తి సూదికీ పోటీ పెడితే 41, 32 శాతం వచ్చాయి. గణాంకాల లెక్కలో దాన్ని తేడా అనలేం. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2012 సమీక్షదీ ఇదే మాట. ఉత్తుత్తి సూదులతో పోల్చిన చోట అసలు సూదులు గెలవలేదు. చైనాలో మాత్రలతో పోల్చిన అధ్యయనాల్లో మాత్రం సూదులే గెలిచాయి. అక్కడ తమకి అందుతున్నది సూదా, మాత్రా అన్నది రోగులకి తెలుసు మరి.

చైనా మూలికల కథ వేరు. 1998లో సిడ్నీలో 116 మంది మీద చేసిన ప్రయోగంలో ఉత్తుత్తి మందు కంటే మూలికలు బాగా పనిచేశాయి. 2006లో హాంకాంగ్‌లో 119 మందికి వేరే మూలికల మిశ్రమం ఇస్తే తేడా రాలేదు. నేనైతే ఆ తలుపు మూయను, కానీ పేరులేని పొడి మాత్రం మింగను. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడడానికి వాడిన చైనా మూలికల్లో ఒకదాని బదులు వేరేది కలిసి, అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషపదార్థం వల్ల వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. "సహజమే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

నా కోపం అసలు ఆ ముప్పావుగంట గురించి. ఓపీలో రెండు గంటలు కూర్చుంటే లోపల దొరికేది మూడు నిమిషాలు, అందులో ఒకటి కంప్యూటర్‌కి పోతుంది. ఆక్యుపంక్చర్ దగ్గర నాలుక చూస్తారు, నాడి చూస్తారు, నిద్ర ఎలా పడుతోందని అడుగుతారు. జనం అక్కడికి వెళ్లక ఏం చేస్తారు?

ఆ మూడు నిమిషాలకి పనిచేసే మందు కూడా పాడవుతోంది. చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ ఐబీఎస్‌కి పనికొస్తుందని 2023లో బ్రిటన్‌లో 463 మందితో చేసిన అధ్యయనం చూపించింది. మన దగ్గర అది చీటీ మీద రాసి పంపేస్తారు. ఇంటికొచ్చి గూగుల్ చేస్తే డిప్రెషన్ మందు అని వస్తుంది. "నన్ను పిచ్చిదనుకుంటున్నాడా" అని చెత్తబుట్టలో పడేస్తాం. ఈ మోతాదులో అది పేగు నొప్పి సంకేతాల కోసం అని ఒక్క వాక్యం చెబితే ఏం పోయింది?

రోగి నమ్మకం నిలవాలంటే సూదుల నాటకం ఉండాల్సిందే అనేవాళ్లున్నారు. అదీ తప్పే. 2010లో కాప్చుక్ వాళ్లే 80 మందిని తీసుకుని, కొందరికి "ఇందులో మందు లేదు" అని చెప్పి మరీ ఉత్తుత్తి మాత్రలిచ్చారు. వాళ్లలో 59 శాతం, ఏ మాత్రా ఇవ్వనివాళ్లలో 35 శాతం ఉపశమనం ఉందన్నారు. శ్రద్ధగా, నిజాయితీగా చెబితే అబద్ధంతో పనిలేదన్నమాట. డాక్టర్లకి ఆ టైమిచ్చే ఏర్పాటు ఆసుపత్రులు ఎందుకు చెయ్యవు? పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవాళ్లు ఆ ఖాళీలోనే డబ్బు చేసుకుంటున్నారు.

వెళ్లాలనుకుంటే వెళ్లండి, నేను ఆపను. సూది కొత్త ప్యాకెట్ విప్పి తీస్తున్నారో లేదో చూడండి. డాక్టరిచ్చిన మందులు సూదులవాళ్లు చెప్పారని మానెయ్యకండి. బరువు తగ్గుతున్నా, మోషన్‌లో రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి లేచి బాత్రూంకి పరుగెత్తాల్సి వస్తున్నా మాత్రం ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మన దేశంలో పేగు టీబీ ఇంకా ఉంది, మొదట్లో అది కూడా గ్యాస్ ట్రబుల్‌లాగే కనిపించొచ్చు.