నవంబర్ స్నో రిపోర్టు చూసి డాలస్ నుంచి బండెక్కకండి

అక్టోబర్ నెలాఖరు వచ్చిందంటే మా డెన్వర్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. ఫలానా స్కీ రిసార్ట్ తెరిచారు, బేస్ (నేల మీద పేరుకున్న మంచు మందం) 18 అంగుళాలు, ప్యాక్డ్ పౌడర్ (అణిగి చదునైన మెత్తటి మంచు), ఒక లిఫ్ట్ ఓపెన్. కింద పది మంది "థాంక్స్‌గివింగ్‌కి ప్లాన్ చేద్దామా" అని, ఇంకో పది మంది "మా వాళ్లు డాలస్ నుంచి వస్తున్నారు, పిల్లలకి నేర్పించొచ్చా" అని. రిసార్ట్ పెట్టే ఆ స్నో రిపోర్టులో ఒక్కో మాట వెనక ఏముంటుందో తెలియకుండా వెయ్యీ రెండువేల డాలర్లు ఖర్చుపెట్టే మనవాళ్లని ఏటా చూస్తున్నాను. అందుకే ఇవాళ కూర్చుని పూర్తిగా రాస్తున్నాను, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందే చెప్తున్నా, నాకు ఈ సీజన్ మొదలంటే చాలా ఇష్టం. అరాపహో బేసిన్, లవ్‌ల్యాండ్, కీస్టోన్, ఈ రిసార్టుల్లో ఎవరు ముందు తెరుస్తారని కొలరాడోలో ఏళ్ల తరబడి పందెం నడుస్తుంది, నేనూ రోజూ వెబ్‌క్యామ్‌లు చూస్తూ కూర్చుంటాను. అరాపహో బేసిన్‌లో లిఫ్ట్ ఎక్కే చోటే 10,780 అడుగుల ఎత్తు, కొండ కొస 13,000 అడుగులు దాటుతుంది. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ పక్కనే ఉండే లవ్‌ల్యాండ్ కూడా దాదాపు అంతే ఎత్తు. అంత ఎత్తు కాబట్టే మిగతా అమెరికా అంతా ఇంకా హాలోవీన్ గుమ్మడికాయలు కొంటున్నప్పుడు ఇక్కడ స్కీలు బయటికొస్తాయి. తెరవడం తప్పని నేననను. తెరిచాక రోజూ పొద్దున వాళ్లు రాసే రిపోర్టు మీదే నా బాధంతా.

అసలు అక్టోబర్‌లో మనం స్కీ చేసే మంచు చాలావరకు ఆకాశం నుంచి పడింది కాదు. స్నో గన్‌లతో చేసింది. వాగు నుంచో చెరువు నుంచో నీళ్లు పంపులతో కొండెక్కించి, గట్టి గాలితో తుంపరగా ఎగజిమ్మితే అది కింద పడేలోపు గడ్డకట్టాలి. ఇందుకు చలి ఒక్కటే చాలదు, గాలి పొడిగా ఉండాలి. కర్నూలు ఎండలో చల్లగా కొట్టే ఎయిర్ కూలర్ విశాఖ ఉక్కపోతలో పనిచేయదు చూడండి, అదే లెక్క ఇది. తుంపరలో కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది. అందుకే వాళ్లు థర్మామీటర్‌ని కాదు, తేమని కూడా లెక్కలోకి తీసుకునే వెట్ బల్బ్ టెంపరేచర్‌ని చూస్తారు. అది సెల్సియస్‌లో సున్నాకి రెండు మూడు డిగ్రీల కింద ఉంటే గన్‌లు ఆన్ చేస్తారు. కొలరాడో గాలి పొడి కాబట్టి మామూలు థర్మామీటర్ సున్నా పైన ఒక డిగ్రీ చూపించినా ఒక్కోసారి పని జరిగిపోతుంది, అదే మబ్బుపట్టి చెమ్మగా ఉన్న రాత్రి అంతకంటే చల్లగా ఉన్నా కుదరదు.

ఇలా చేసిన మంచు బరువైనది. కొలరాడోలో పడే కొత్త మంచు పదిహేను అంగుళాలు కరిగిస్తే సుమారు ఒక అంగుళం నీళ్లొస్తాయి, గన్ మంచులో దాదాపు సగం నీళ్లే. ఒక ఎకరం నేల మీద అడుగు మందాన పరచాలంటే అయిదు లక్షల లీటర్ల పైమాటే. అన్ని నీళ్లు, అంత కరెంటు, అన్ని చలి రాత్రులు కావాలి కాబట్టి మొదట్లో ఒక్క రన్ (స్కీ చేస్తూ దిగే బాట) మీదే మొత్తం పోస్తారు. ఎవరినీ తప్పుపట్టలేం, లెక్క అదే. కానీ ఫలితం ఏంటంటే, వేల ఎకరాల కొండ మీద గోధుమరంగు గడ్డి మధ్యలో ఒక తెల్లటి పట్టీ. ఇక్కడివాళ్లు దాన్ని వైట్ రిబ్బన్ ఆఫ్ డెత్ అంటారు. ఊరికే అనరు. గంటన్నర దూరంలో ఉన్న డెన్వర్ జనమంతా ఆరునెలలు ఆగి ఆగి ఆ ఒక్క పట్టీ మీదికే వస్తారు, రేసర్లు, స్నోబోర్డు పిల్లలు, మొదటిసారి స్కీలు కట్టుకున్నవాళ్లు, అందరూ.

ఒక ఏడాది మా అక్కా బావా పిల్లల్ని తీసుకుని డాలస్ నుంచి వస్తామన్నారు. "బావా, కాస్త ఆగండి, జనవరిలో రండి, అప్పుడు బాగుంటుంది" అని నేను గట్టిగానే చెప్పాను. "రిపోర్టులో 18 అంగుళాలు అంటున్నారు కదరా, ప్యాక్డ్ పౌడర్ అని కూడా రాశారు, ఇంకేం కావాలి" అని బావ ఆ పేజీ నాకే పంపించారు. ఆయన్ని ఏమంటాం. రాసింది రాసినట్టే చదివారు. రిసార్ట్ పేరు ఇక్కడ రాయను, చాలాచోట్ల ఇదే కథ. వెళ్లాక తెలిసింది, మొదటిసారి వచ్చేవాళ్ల కోసం ఉండే లెర్నింగ్ ఏరియా, పిల్లలు నిలబడితే పైకి తీసుకెళ్లే ఆ మ్యాజిక్ కార్పెట్, రెండూ మూసే ఉన్నాయి. ఆ సంగతి రిపోర్టులో ఉంది, అబద్ధం ఆడలేదు, నాలుగుసార్లు కిందికి స్క్రోల్ చేస్తే చివర్లో ఒక చిన్న లైన్లో. టికెట్లూ రెంటల్సూ ముందే కొన్నాం, వాపసు లేదు.

పొద్దున తొమ్మిదికి ఆ రన్ చూడటానికి బాగానే ఉంది, రాత్రి గ్రూమర్ (మంచు చదును చేసే బండి) లాగిన సన్నటి చారలు ఇంకా ఉన్నాయి. పదిన్నరకల్లా చారలు పోయాయి. పదకొండుకి పైనున్న పొడి అంతా అంచులకి చేరి కుప్పలు పడింది, నడి రన్‌లో నీలంగా మెరిసే గట్టి పలక బయటపడింది. దాని మీద స్కీ అంచు నిలవదు, కరకరమని చప్పుడొస్తుంది గానీ పట్టు దొరకదు. కుప్పలు దాటి రెండడుగులు పక్కకి వెళ్తే ఎండుగడ్డి, రాళ్లు, ఆపైన హద్దు తాడు. మా పెద్ద మేనకోడలు, అప్పటికి దానికి పదకొండేళ్లు, ఆ అంచునే పట్టుకుని అడ్డంగా ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగింది, పక్కనుంచి జనం బాణాల్లా దూసుకుపోతుంటే ప్రతిసారీ భుజాలు బిగబట్టుకుని. సాయంత్రం స్కీలు తిరిగిస్తే రెంటల్ షాపు కుర్రాడు వాటిని తిరగేసి, అడుగున గోరు దూరేంత లోతు గీత చూపించి, రిపేరు డబ్బులు కట్టమన్నాడు. రాయి ఎక్కడిది? పద్దెనిమిది అంగుళాల బేస్ కింది నుంచి వచ్చిన రాయి అది.

ఇప్పుడు ఆ రిపోర్టులో అంకెల సంగతి. బేస్ అంటే కొండంతా అంత మందాన ఉందని కాదు, వాళ్లు కొలిచే చోట ఉందని. సీజన్ టోటల్ అని ఇంకో అంకె ఉంటుంది, అది మొదటి మంచు పడ్డ రోజు నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం, మధ్యలో కరిగిపోయింది కూడా అందులోనే ఉంటుంది, తీసేయరు. అందుకే టోటల్ 40 అని, బేస్ 18 అని పక్కపక్కన కనిపిస్తాయి, కొత్తవాళ్లు పెద్ద అంకె చూసి మురిసిపోతారు. ఇక గత 24 గంటల్లో 4 అంగుళాలు అన్నారనుకోండి, ఆ నాలుగంగుళాల మెత్తటి మంచు వందమంది తొక్కాక వేలి మందం కూడా మిగలదు, నేల ఇంకా వెచ్చగా ఉండి ఎండ తగిలే వాలు మీదైతే మధ్యాహ్నానికే ఉండదు. ప్యాక్డ్ పౌడర్ అన్న మాట తెల్లారుజామున గ్రూమింగ్ అయ్యాక రాసింది. మీరు లిఫ్ట్ ఎక్కేది పదకొండుకి.

ఇదంతా నా ఒక్కడి అనుమానం కాదు. డార్ట్‌మత్ కాలేజీ ఎకనమిస్టులు జొనాథన్ జిన్మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ అని ఇద్దరు, రిసార్టులు ప్రకటించిన మంచునీ ప్రభుత్వ వాతావరణ లెక్కలనీ పక్కపక్కన పెట్టి చూశారు. రిసార్టుల లెక్కల్లో వారాంతాల్లో కొత్త మంచు మామూలు రోజులకంటే 23 శాతం దాకా ఎక్కువ పడింది! ప్రభుత్వ లెక్కల్లో అలాంటి తేడా ఏమీ లేదు. శనివారమే ఎక్కువ పడాలని మబ్బులకి ఎందుకుంటుంది చెప్పండి. వీకెండ్ జనాన్ని రప్పించుకోగలిగే చోట్ల ఇలా పెంచి చెప్పడం ఇంకా ఎక్కువట. వాళ్ల పరిశోధనలో నాకు బాగా నచ్చింది చివర్లో ఉంది: స్కీ చేసేవాళ్లు కొండ మీదినుంచే ఉన్నది ఉన్నట్టు రాయగలిగే ఐఫోన్ యాప్ ఒకటి వచ్చాక ఆ అతిశయోక్తి బాగా తగ్గింది, అది కూడా ఫోన్ సిగ్నల్ బాగా అందే రిసార్టుల్లో మరీ ఎక్కువగా తగ్గింది.

నాకు ఇంత కోపం ఎందుకంటే, దెబ్బ తగిలితే భరించేది మనమే. 1979 నాటి కొలరాడో స్కీ సేఫ్టీ చట్టం ప్రకారం ఐసు, మంచు లేని మట్టి జాగాలు, రాళ్లు, మొద్దులు, ఇవన్నీ స్కీయింగ్‌లో సహజంగా ఉండే ప్రమాదాల కిందికే వస్తాయి, వాటివల్ల దెబ్బ తగిలితే రిసార్ట్ మీద దావా చెల్లదు. ఆ చట్టం ఉండాల్సిందే అంటాను నేను, కొండకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కానీ రిస్కు మొత్తం నాదని చట్టమే చెప్తున్నప్పుడు, ఆ రిస్కు ఎంతో నాకు పొద్దున్నే సూటిగా చెప్పే బాధ్యత వాళ్లకి ఉండాలి కదా. డబ్బు సంగతి కూడా అంతే. సీజన్ పాసులు అసలు మంచు పడకముందే అమ్మేస్తారు, డిసెంబర్ మొదట్లో అమ్మకం ఆపేస్తారు, ఆ తర్వాత పెద్ద రిసార్టుల్లో పీక్ రోజున కౌంటర్ దగ్గర ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటుతుంది. ఆ ధర చూసి భయపడి నవంబర్‌లోనే పాసు కొన్నవాడికి, కొన్నందుకు వెళ్లాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఈ ప్యాక్డ్ పౌడర్ రిపోర్టు కనిపిస్తుంది.

అందరూ అలా లేరు, అది కూడా చెప్పాలి. అరాపహో బేసిన్ బాధ్యతలు చాలాకాలం చూసిన అలన్ హెన్సెరాత్ ఏళ్లపాటు తనే బ్లాగు రాశారు, ఎక్కడ గన్‌లు నడిచాయి, ఎక్కడ ఇంకా పలచగా ఉంది అని ఫొటోలతో. అలాంటిది చదివితే నమ్మకం కుదురుతుంది, వెళ్లొద్దనుకున్నా ఆ కొండ మీద గౌరవం తగ్గదు. దక్షిణాన వుల్ఫ్ క్రీక్ ఉంది, అది ఎక్కువగా పడే మంచు మీదే ఆధారపడుతుంది, తుఫాను వస్తే తెరుస్తారు. సరే, రేసర్లకైతే నేను తిట్టే ఆ గట్టి పలకే కావాలి. అమెరికా స్కీ టీమ్ నవంబర్‌లో కాపర్ మౌంటెన్‌లో ప్రాక్టీసు చేసేది అలాంటి గట్టి మంచు మీదే. మంచు చెడ్డదని కాదు, ఎవరికి పనికొస్తుందో చెప్పకపోవడం చెడ్డది.

మీరే చూసుకోవాలంటే దారులున్నాయి. స్నోటెల్ అని వ్యవసాయ శాఖ వాళ్ల ఆటోమేటిక్ స్టేషన్లు పశ్చిమ రాష్ట్రాల కొండలంతా ఉన్నాయి, మంచులో ఎన్ని నీళ్లున్నాయో కొలుస్తాయి, వాటికి టికెట్లు అమ్ముకునే అవసరం లేదు. లవ్‌ల్యాండ్ దగ్గరా ఒకటుంది. రిసార్ట్ వెబ్‌క్యామ్‌లో మంచులో పాతిన కొలబద్దని చూపించే కెమెరా ఒక్కటే చూడకండి, కొండ అడుగున లిఫ్ట్ లైను చూపించే కెమెరా మధ్యాహ్నం చూడండి. ఇంకో మాట, పట్టీ మీద జనం ఎక్కువగా ఉందని తాడు బయట నడుచుకుంటూ కొండెక్కేవాళ్లు కొందరున్నారు, దయచేసి వద్దు. అక్టోబర్‌లో పడ్డ పలచటి మంచు చల్లటి రాత్రుల్లో పంచదార పలుకుల్లా విడిపోతుంది, తర్వాత పడే మంచంతా ఆ బలహీనమైన పొర మీదే నిలబడుతుంది. కొలరాడోలో మంచు చరియలు విరిగిపడటానికి పెద్ద కారణాల్లో అదొకటి. అవలాంచ్ సెంటర్ రోజువారీ సూచన చదవకుండా ఎవరూ అటు వెళ్లకూడదు.

రిసార్టులు ఏం రాయాలి అంటే, నేను అడిగేది చాలా చిన్నది. లెర్నింగ్ ఏరియా మూసి ఉంటే అది మొదటి లైన్లో ఉండాలి. ఉన్న ఒక్క రన్ గ్రీనా (తేలికది) బ్లూనా (కాస్త కష్టమైంది), అంచునుంచి అంచుకి ఎంత వెడల్పుందో రాయాలి. పొద్దున అయిదుకి రాసిన రిపోర్టు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి మార్చాలి, అప్పుడు తీసిన ఫొటో ఒకటి పెట్టాలి. లక్షల గ్యాలన్ల నీళ్లు కొండెక్కించగలిగినవాళ్లకి ఒక ఫొటో ఎక్కించడం భారం కాదు.

పిల్లలకో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకో మొదటిసారి చూపించాలనుకునేవాళ్లు జనవరి రెండో వారం తర్వాత, వీలైతే మంగళవారమో బుధవారమో రండి. థాంక్స్‌గివింగ్‌కే రావాల్సివస్తే రిసార్ట్‌కి ఫోన్ చేసి "మొదటిసారి వచ్చేవాళ్ల లిఫ్ట్ ఇవాళ నడుస్తోందా" అని అడిగాకే టికెట్ కొనండి. డ్రైవ్ చేసి వచ్చేవాళ్లు టైర్లు చూసుకోండి, మారిసన్ నుంచి డొట్సెరో దాకా ఐ-70 మీద సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం (టైర్లకి రోడ్డు మీద తగిన పట్టుండాలనే నియమం) ఉంటుంది, అరిగిన టైర్లతో దారికి అడ్డంగా ఇరుక్కుంటే జరిమానా 650 డాలర్ల పైన.

డెన్వర్‌లో ఉండి ఈ నెలలో కొండకి వెళ్తున్నవాళ్లకి ఒక్క పని అప్పజెప్తున్నాను. వెళ్లొచ్చాక సెల్ఫీతో పాటు రన్ పేరు, టైము, ఆ టైముకి మంచు ఎలా ఉంది, పిల్లల లిఫ్ట్ తెరిచారా లేదా, ఈ నాలుగూ గ్రూపులో రాయండి. రెండు నిమిషాల పని. వచ్చే శుక్రవారం ఏ డాలస్ బావగారో టికెట్ కొనేముందు అది చదువుతారు.