ఊదేసిన ఆవిరి ఎటు పోయింది?

పెట్రోలు ట్యాంకును లోపల కడగాలన్నా, అడుగు రేకు తుప్పు చూడాలన్నా ముందు ఖాళీ చేయాలి. పంపు లాగినంత లాగేశాక కూడా అడుగున కాస్త నూనె, నీళ్లు, స్లడ్జ్ అనే చిక్కటి మడ్డి మిగిలిపోతాయి, వాటి మీది ఖాళీ నిండా ఆవిరి. మ్యాన్‌హోల్ మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పి, గాలి ఊదే బ్లోయర్ తగిలించి, ఆ ఆవిరిని బయటికి తోసేస్తారు. మధ్యమధ్య ఒకతను గొట్టం లోపలికి పెట్టి మీటరు చూస్తుంటాడు: మండే గ్యాసు ఎంత, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదు కదా, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఏమైనా ఉందా. అన్నీ సరిపోతే పర్మిట్ మీద సంతకం పడుతుంది, మనుషులు లోపలికి దిగుతారు. ఈ జాగ్రత్త అంతా ఉండాల్సిందే, అంకె తప్పితే లోపలికి వెళ్లినవాడు తిరిగి రాడు. మా ప్రశ్న ఇంకొకటి. మీటరు సున్నా చూపిందంటే లోపల ఉన్నదంతా బయటికి వచ్చేసిందనే కదా అర్థం, మరి అది ఎటు పోయింది?

ఎంత ఉంటుందిలే అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. పెద్ద ట్యాంకుల్లో కప్పు సరుకు మీదే తేలుతూ ఉంటుంది, సరుకు దిగేకొద్దీ అదీ దిగుతుంది. తేలుతున్నంతసేపు కప్పుకూ పెట్రోలుకూ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఆవిరికి చోటు తక్కువ. ట్యాంకు అడుగంటేసరికి కప్పు తన కాళ్ల మీద నిలబడిపోతుంది, దాని కింద గది పుడుతుంది. ట్యాంకు 60 మీటర్ల వెడల్పు, కాళ్లు 1.8 మీటర్ల ఎత్తు అనుకోండి, ఆ గది దాదాపు 5 వేల ఘనపు మీటర్లు. అందులో నాలుగో వంతు పెట్రోలు ఆవిరే అనుకున్నా బరువు 3 టన్నులు దాటుతుంది, లీటర్లలో చెప్పాలంటే 4 వేలకు పైనే. బంకులో 50 మిల్లీలీటర్లు తక్కువ పోశాడని గొడవపడే మనం దీన్ని మాత్రం గాలికి వదిలేస్తున్నాం. పైగా ఇది మొదటి విడతే. పారతో స్లడ్జ్ కదిపినప్పుడల్లా అందులో ఇరుక్కున్నది మళ్లీ లేస్తుంది.

ఈ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది, అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చేసింది. మన గాలి ప్రమాణాల్లో బెంజీన్‌కు పెట్టిన హద్దు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాముల హద్దు పక్కన టన్నుల ఆవిరి! మిగతా భాగం ఎండలో వాహనాల పొగతో కలిసి, నేల దగ్గర ఊపిరికి చెరుపు చేసే ఓజోన్ అవుతుంది.

పేలుడు సంగతి వేరే చెప్పాలి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటే అంటుకుంటుంది. నాలుగో వంతు నిండిన గదిలో అది మరీ చిక్కగా ఉండి అంటుకోదు, బ్లోయర్‌తో పలచబరిచేటప్పుడే ఈ ప్రమాదపు మెట్టు దాటి కిందికి రావాలి. బయటికి వచ్చిన ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, ట్యాంకు చుట్టూ కట్టిన డైక్ గోడ లోపల, డ్రెయిన్లలో, పల్లంలో పరుచుకుంటుంది. 2009 అక్టోబర్ 29 సాయంత్రం జైపూర్ సీతాపుర డిపోలో జరిగింది ట్యాంకు శుభ్రం చేసే పని కాదు, పెట్రోలు లీకు. అయినా గాలి కదలని సాయంత్రం ఆవిరి గంటకు పైగా నేలమీద పాకి, తర్వాత ఎలా పేలిందో దేశమంతా చూసింది.

విశాఖకు ఇవి దూరపు కబుర్లు కావు. 1997 సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున, రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మంటలు లేస్తే దాదాపు 60 మంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ ట్యాంకు నుంచి వచ్చిన ఆవిరి నిద్రలో ఉన్నవాళ్లను చంపింది. ట్యాంకులోది బయటికి వస్తే కాంపౌండ్ గోడ దగ్గర ఆగదని ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మల్కాపురం, శ్రీహరిపురం ఇళ్లు రిఫైనరీని ఆనుకునే ఉన్నాయి, చుట్టూ కొండలు, గాలి ఆడని రోజు వాసన ఎక్కడికీ పోదు.

దారి లేదా అంటే ఉంది, కొత్తదేమీ కాదు. బ్లోయర్ గాలిని నేరుగా ఆకాశంలోకి వదలకుండా గొట్టంతో లారీ మీద తెచ్చిన యంత్రానికి కలుపుతారు. అక్కడ ఆవిరిని కాల్చేయొచ్చు, బాగా చల్లబరిచి మళ్లీ ద్రవంగా మార్చి పట్టుకోవచ్చు, చిన్న ట్యాంకైతే ఆవిరిని పట్టుకునే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, నింపిన డబ్బాల్లోంచి పంపొచ్చు. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు గాలిని చూసే సౌత్ కోస్ట్ సంస్థ 1987లోనే దీనికోసం 1149 నంబరు నిబంధన పెట్టింది. లోపలి ఆవిరి మీథేన్ లెక్కన పది లక్షల్లో 5 వేల పాళ్లకు తగ్గి, కనీసం గంటసేపు అలాగే నిలిస్తేనే యంత్రం ఆపాలి. గంట ఎందుకంటే, ఆపగానే అడుగు నుంచి మళ్లీ లేస్తుంది కాబట్టి.

ట్యాంకుల మధ్యకు మంట పెట్టే యంత్రం తేవడమేంటని కొందరు ఇంజనీర్లు అడగొచ్చు. న్యాయమైన భయమే. అందుకే దాన్ని దూరంగా పెట్టాలి, గొట్టంలో మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి, ముందు ట్యాంకులోకి మంటను రానివ్వని నైట్రోజన్ ఎక్కించాలి. అదీ కుదరదంటే చల్లబరిచే పద్ధతి ఉంది, ఖర్చు ఎక్కువ, కానీ నూనె చేతికొస్తుంది. భయం ఉంది కాబట్టి ఊళ్లోకి వదిలేస్తాం అనడం మాత్రం కుదరదు.

2008లో కేంద్రం రిఫైనరీలకు ఇచ్చిన ప్రమాణాల్లో తేలే కప్పుల అంచు సందు మూసే సీళ్ల మాట ఉంది, లీకులు వెతికి మూయాలన్న మాట ఉంది. అవి ముఖ్యంగా ట్యాంకు పనిలో ఉన్నప్పటి సంగతులు. మాకు ఖాళీ చేసే రోజుకు కూడా అంకె కావాలి. కాలుష్య నియంత్రణ మండలి రిఫైనరీలకు, డిపోలకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ షరతు రాయాలి: ఏ ట్యాంకు ఏ తేదీన తెరుస్తారో ముందే చెప్పాలి, ఆవిరిని ఏ యంత్రంతో పడతారో చెప్పాలి, రీడింగ్ ఎంతకు వచ్చాక యంత్రం ఆపారో రాసి జనానికి కనపడేలా పెట్టాలి. టెండర్‌లో ఆవిరి పట్టే పనికి విడిగా రేటు ఉండాలి. మొత్తం పనికి ఒకే రేటు కడితే కాంట్రాక్టరు తొందరగా ఊదేసి వెళ్లిపోవాలనే చూస్తాడు, తప్పు అతనిది ఒక్కడిదే కాదు.

ఇంకొకటి, ఎవరికీ పెద్దగా గుర్తుండనిది. పనైపోయి ట్యాంకు మళ్లీ నింపేటప్పుడు కప్పు కాళ్ల మీదే ఉంటుంది, దాని కింద గాలి ఉంటుంది, పెట్రోలు లోపలికి వస్తున్నకొద్దీ ఆ గాలి కొత్త ఆవిరితో కలిసి కప్పుకున్న గాలి రంధ్రాల్లోంచి బయటికి తన్నుకొస్తుంది. కప్పు తేలేదాకా యంత్రాన్ని అక్కడే ఉంచమని షరతులో ఆ ఒక్క వాక్యం కూడా రాయండి.