నట్టు బిగించమని నిన్నెవరు అడిగారు బావా?

ఇప్పుడే జరిగింది, ఒళ్లింకా మండుతూనే ఉంది. విశాఖ మర్రిపాలెంలో మా మేడ మీద నా బుల్లి ఆవిరింజను బాయిలర్ వెలిగించాను. ప్రెషర్ చూపే గేజి ముల్లు 4 బార్‌కి రాగానే సేఫ్టీ వాల్వు చుయ్‌మని ఆవిరి వదిలింది. వదలాలి, ప్రెషర్ మరీ పెరిగి బాయిలర్ పేలకుండా చూడటమే దాని పని. మా బావ టీ గ్లాసుతో పైకొచ్చి "ఏటోయ్, ఆవిరంతా వేస్టయిపోతంది" అంటూ, కింద బర్నరు మండుతుండగానే, పటకారుతో వాల్వు స్ప్రింగుని నొక్కే నట్టు గిర్రున తిప్పి బిగించేశాడు! చప్పుడు ఆగిపోయింది. ఆ మొహంలో గర్వం చూడాలి. నేను పరిగెత్తి బర్నరు ఆర్పాను కాబట్టి సరిపోయింది.

పైగా ఆ స్ప్రింగు పాడవుతుందంటే "స్ప్రింగే కదా, ఏదైతే ఏటి" అట. అవును మరి, బాల్‌పెన్ను విప్పి అందులోది పెట్టేద్దాం. వాల్వు సీటు రంధ్రం 5 మి.మీ. ఉంటే, 4 బార్ దగ్గర ఆవిరి ఆ రంధ్రాన్ని మూసే బంతిని దాదాపు 800 గ్రాముల బలంతో పైకి తోస్తుంది. స్ప్రింగు సరిగ్గా అంతే నొక్కి పట్టాలి, ఆపైన బంతి లేవడానికి చుట్ల మధ్య సందు మిగలాలి. బిగించుకుంటూ పోతే చుట్లన్నీ అంటుకుపోయి అది ఇనప దిమ్మవుతుంది, లోపల ప్రెషర్ ఎంతైనా వాల్వు లేవదు. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో, ఆవిరింజన్లు తయారుచేసిన ట్రెవితిక్ అనే ఇంజనీరు బాయిలర్ పేలి నలుగురు పోయారు. చూసుకోవాల్సిన కుర్రాడు ఇంజను ఓ కూలీకి వదిలేసి చేపలకి పోయాడట, వాల్వేమో కదలకుండా బిగించే ఉందట. వాడికైనా చేపలు దొరికాయేమో, మా బావకి టీ కూడా మేమే ఇచ్చాం.

స్ప్రింగు దొరకడం మాత్రం తేలికా? మన ఉప్పుగాలికి మామూలు ఉక్కు తీగ ఇట్టే తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్సో ఫాస్ఫర్ బ్రాంజనే కంచు తీగో కావాలి. ఆటోనగర్లో ఓ షాపాయన స్టెయిన్‌లెస్ స్ప్రింగుకి అయస్కాంతం తగిలించి "అంటుకుంది సార్, ఇది స్టెయిన్‌లెస్ కాదు" అని నాకే పాఠం చెప్పాడు. చల్లగా లాగి గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ తీగ కొంచెం అంటుకుంటుంది బాబూ! అదీగాక 0.5 మి.మీ. తీగ అడిగితే 0.6 ఇచ్చి "కంటికి తెలుస్తాదా" అన్నాడు. కంటికి తెలీదు, వాల్వుకి తెలుస్తుంది. చుట్టు కొలత, చుట్ల లెక్క అవే ఉంటే ఆ కాస్త మందానికే స్ప్రింగు రెట్టింపు గట్టిపడుతుంది.

మరి ఇంట్లోనే కొలుచుకోవచ్చు కదా అంటారా? కొలుద్దును, నా మైక్రోమీటరు ఉంటే. అదెక్కడుంది? బావ దగ్గర. వాళ్ల గృహప్రవేశం ముందు పట్టుకెళ్లాడు. ఏం కొలిచాడో తెలుసా? ఏమీ కొలవలేదు. విరిగిన కుర్చీ కాలికి ఫెవికాల్ పూసి, ఆరేదాకా నా మైక్రోమీటరు దవడల మధ్య బిగించి ఉంచాడు! 0.01 మి.మీ. తేడా పట్టే పనిముట్టు అండీ అది. దవడల మీద ఎండిన జిగురు నా కళ్లతో చూశాను. అడిగితే అక్కేమో "ఆ పిసరంత వస్తువు కోసం ఇంత రాద్ధాంతమా" అంటుంది.

అక్కా, నువ్వు ఈ పోస్టు చూస్తావని తెలుసు. ఆయనకి చదివి వినిపించు. కొత్తది కొనిచ్చేదాకా మేడ మెట్లు ఎక్కొద్దని కూడా చెప్పు.