ఏనుగును చూడడానికి అమెరికా వెళ్లవలెను

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలలో ఈ మధ్య స్థిరపడిన ఆచారాలలో ఒకదానికి ఇంకా తగిన గుర్తింపు రాలేదు. కొడుకో కూతురో అమెరికాలో ఇల్లు కొన్న మరుసటి వేసవిలో తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండడానికి విమానం ఎక్కుతారు. మొదటి శనివారం గుడి, రెండో శనివారం కాస్ట్‌కో అనే పెద్ద దుకాణం, మూడో శనివారం జూ. ఈ వరుసను ఏ ధర్మశాస్త్రం విధించిందో తెలియదు గాని, దీన్ని తప్పిన కుటుంబం నాకు తెలిసినంతలో బరంపురంలో లేదు. న్యూజెర్సీవారు బ్రాంక్స్ జూకు, కాలిఫోర్నియాలో దక్షిణాన ఉన్నవారు శాన్ డియాగోకు, షికాగోవారు లింకన్ పార్కుకు తీసుకువెళ్తారు. ఈ చివరిదానిలో ప్రవేశం ఉచితం కావడం వల్ల తల్లిదండ్రులు దాన్ని అంతగా గౌరవించరు. డబ్బు పుచ్చుకోకుండా సింహాన్ని చూపించే సంస్థను అనుమానించడం వివేకవంతుల లక్షణమే కదా.

ఈ ఆచారాన్ని ఎద్దేవా చేసేవారు ఊళ్లో కొందరు లేకపోలేదు. ఇక్కడ ఏనుగులు చేలల్లో పడి తొక్కుతూ ఉంటే వాటిని తిట్టుకుంటూ కూర్చున్నవారు, అక్కడికి పోయి డాలర్లు చెల్లించి అదే ఏనుగుకు దండం పెట్టి రావడం ఏమిటని వారి ప్రశ్న. పైకి సబబుగా కనిపించే ఈ ప్రశ్నలో లోకజ్ఞానం బొత్తిగా లోపించిందని సవినయంగా మనవి చేస్తున్నాను. గజపతి జిల్లా లఖారీ లోయలో తిరిగే ఏనుగుకు బోర్డు లేదు, వేళలు లేవు, పార్కింగు లేదు. అది ఎప్పుడు కనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు. కనిపించినప్పుడు చూడడానికి ఎవరూ నిలబడరు. పైగా ఆ గుంపులో కొన్ని కొండ దిగి సీతంపేట, పార్వతీపురం వైపు వెళ్లగానే అక్కడి పత్రికలు వాటిని ‘ఒడిశా ఏనుగులు’ అని రాస్తాయి. సరిహద్దు దాటిన వెంటనే పరాయిదైపోయే జంతువును గౌరవించడం ఎవరికైనా కష్టమే. బ్రాంక్స్‌లోని ఏనుగు సంగతి అలా కాదు. అది సముద్రం దాటింది, దాని కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ బ్రాంక్స్ జూను 1899లో తెరిచారు. విస్తీర్ణం 265 ఎకరాలు. బుధవారాలలో తోచినంత చెల్లించి లోపలికి వెళ్లే సౌకర్యం ఉంది గాని అది న్యూయార్క్ నగరవాసులకే పరిమితం కావడం వల్ల న్యూజెర్సీలో స్థిరపడిన మన పిల్లలకు తీరని అన్యాయం జరుగుతోంది. 1977 నుంచి అక్కడ ఆసియా ఖండాన్ని చూపించడానికి ప్రత్యేకంగా ఒక మోనోరైలు నడుపుతున్నారు. అందులో సీట్లన్నీ ఒకే పక్కకు తిరిగి ఉంటాయి. ఆసియా మొత్తం ఆ పక్కనే ఉంటుంది. ఏనుగులు, పులులు, ఖడ్గమృగాలు గల ఖండాన్ని సుమారు ఇరవై నిమిషాలలో పూర్తి చేసి క్షేమంగా దింపుతారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆసియాలోనే ఉన్న మన పెద్దలు ఆ బండిలో కూర్చుని ఆసియాను చూస్తున్నప్పుడు వారి ముఖాలలో కనిపించే శ్రద్ధ అసామాన్యమైనది. ఇదే పెద్దమనిషి భువనేశ్వర్ వెళ్లే రైలులో రంభా దాటాక పక్కనే చిలికా కనిపిస్తూ ఉంటే, 1981లో మన దేశం నుంచి మొట్టమొదట రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన రెండింటిలో ఆ సరస్సు ఒకటైనప్పటికీ, ఎండ పడుతోందని కిటికీ దించి నిద్రపోతాడు. చిలికాకు మోనోరైలు లేకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

ఏనుగు దగ్గర బండి నెమ్మదించినప్పుడు కోడలు ఫోను పట్టుకుని ఇటు తిరగమంటుంది. బరంపురంలో వీడియో కాల్ మోగుతుంది. ఇక్కడ పెద్దత్తయ్య కళ్లజోడు వెతుక్కుని, “ఒసే, ఎంత శుభ్రంగా ఉందే ఏనుగు!” అని నోరు తెరుస్తుంది. శుభ్రత విషయంలో ఆమె పరిశీలనను నేను తోసిపుచ్చలేను. అయితే ఏ జూలోనైనా ఏనుగు ముందు బోర్డు మీద, ఈ జాతి ఆసియాలో మనుషుల వల్ల అంతరించే ప్రమాదంలో ఉందన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. ఆ మనుషులెవరని మనవడు అడిగితే, తాతగారు బోర్డు వైపు ఇంకాస్త ఏకాగ్రతతో చూస్తారు.

ఆ ఏనుగులలో ఒకదాని పేరు హ్యాపీ. అద్దంలో తన ప్రతిబింబాన్ని తాను గుర్తుపట్టగలదని పరిశోధకులు నిరూపించిన ఏనుగు అది. దానికి స్వేచ్ఛ ఇప్పించాలని హక్కుల సంఘమొకటి, అక్రమ నిర్బంధం నుంచి మనుషులను విడిపించే హెబియస్ కార్పస్ కింద కోర్టుకెక్కింది. 2022 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 5-2 తేడాతో, ఏనుగు మనిషి కాదు గనుక ఆ రక్షణ దానికి వర్తించదని తీర్పు చెప్పింది. విషయం ఇంత క్లిష్టమైనదని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఇదే జూ 1906 సెప్టెంబరులో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ణి కోతుల భవనంలో పెట్టి జనానికి చూపించింది. నల్లజాతి మతగురువులు ఎలుగెత్తిన తరవాతే ఆ ప్రదర్శన ఆగింది. జూను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. ఏనుగు మనిషి కాదని చెప్పడానికి కొన్నేళ్ల వ్యాజ్యం సరిపోయింది గాని, మనిషి మనిషేనని ఒప్పుకోవడానికి నూట పద్నాలుగేళ్లు పట్టింది. ఈ సంగతి మోనోరైలు దారిలో రాదు.

ఇక మన జిల్లా జంతువుల విషయానికి వస్తే, వాటి వెనుకబాటుతనానికి అవే చాలావరకు బాధ్యులు. ఆస్కా దాటి బుగుడా వైపు వెళ్తే భేట్‌నై, బాలిపదర్ చుట్టుపక్కల పొలాలలో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. 2021 లెక్కల ప్రకారం గంజాం జిల్లాలో వాటి సంఖ్య 7 వేలు దాటింది. అవి చేలోకి వస్తే వానలు పడతాయని, మేలు జరుగుతుందని అక్కడి రైతుల నమ్మకం. ఒకప్పటి కరువు వాటి రాకతోనే తీరిందని పెద్దలు చెబుతారు; అందుచేత అవి పైరు మేసినా తోలరు. ఇంతకంటే అనాగరికమైన ఏర్పాటు మరొకటి ఉంటుందా? కంచె లేదు, టికెట్టు లేదు, బొమ్మల దుకాణం లేదు, ఉచితంగా మేపే రైతులకు యూనిఫాం కూడా లేదు. బరంపురం నుంచి పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. అందువల్లనే ఎవరూ వెళ్లరు.

అదే జింక విదేశం వెళ్లి ఎంత వృద్ధిలోకి వచ్చిందో చూడండి. 1930లలో టెక్సాస్‌కు తీసుకువెళ్లిన కృష్ణజింకల సంతతి నేడు అక్కడి ప్రైవేటు పశుక్షేత్రాలలో (రాంచ్‌లలో) వేల సంఖ్యలో ఉంది. గడ్డి పుష్కలం, బెంగ లేదు. అయితే రుసుము చెల్లించినవారు వాటిని తుపాకీతో వేటాడవచ్చు. స్వదేశంలో కృష్ణజింకను చంపితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలు. డల్లాస్‌లో ఉన్న మా పక్కింటి అబ్బాయికి ఈ తేడా వివరించబోతే, “అక్కడ సిస్టమ్ ఉంటుందండీ మాస్టారూ” అన్నాడు. జింక అభిప్రాయాన్ని మేమిద్దరం అడగలేదు.

రుషికుల్య తాబేళ్ల తీరు మరీ పాతకాలపుది. పోడంపేట, పురుణబంధ దగ్గర ఇసుకలో 2025 ఫిబ్రవరిలో సుమారు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయి. తాము పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూ వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వస్తాయి. తాబేలు పురిటికి పుట్టింటికి వస్తుంది. మనవాళ్లు పురిటికి పుట్టింటినే విమానం ఎక్కిస్తారు. ఈ రెండింటిలో ఏది నాగరికమో పాఠకులు తేల్చుకోవచ్చు.

నిజానికి ప్రదర్శనలో ఉండడమంటే ఏమిటో బరంపురం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయి, గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయిన నాడు మా పెద్దలు గడప దిగకుండానే పరాయి రాష్ట్రంవారయ్యారు. అప్పటి నుంచి విశాఖపట్నం చుట్టాలు వచ్చినప్పుడల్లా మా చుట్టూ తిరిగి చూసి, “ఒడిశాలో ఉండి కూడా తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!” అని మెచ్చుకుని, ఫొటో తీసుకుని వెళ్తారు. కావలసిందల్లా ఒక బోర్డు. ‘ఆవాసం: బరంపురం, పర్లాకిమిడి పరిసరాలు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బ్యాంకులో రెండూ. ఆహారం: ఉప్పుడు బియ్యం, చారు, అప్పడం. సంతానం ఎదిగాక సమీపంలో కనబడదు. వేసవిలో న్యూజెర్సీకి వలస పోవును. చలికి తాళలేక నవంబరులోగా తిరిగి వచ్చును.’ ఈ పాఠాన్ని సంబంధిత శాఖలకు ఉచితంగా సమర్పిస్తున్నాను.

వలస పోయినవారు అక్కడే ఉండిపోవాలా, తిరిగి రావాలా అన్న చర్చ ప్రతి ఇంట్లో ఉన్నదే గనుక, ఈ విషయంలో మన రాష్ట్రపు జూయే రెండు పూర్వోదాహరణలు ఇచ్చిందని గుర్తు చేయడం నా విధి. భువనేశ్వర్ పక్కన చందకా అడవిని ఆనుకుని 1960లో వెలసిన నందన్‌కానన్‌లోకి 1967లో ఒక అడవి ఆడపులి ఎవరూ పిలవకుండా వచ్చి, లోపల ఉన్న ప్రదీప్ అనే మగపులి కోసం గోడ దూకింది. దానికి కానన్ అని పేరు పెట్టారు. అది మళ్లీ అడవికి పోలేదు. వేళకు మాంసం, యోగ్యుడైన వరుడు, వైద్య సదుపాయం, పైన ఆకాశం కూడా కొంతమేర కనిపిస్తుంది. గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఇంతకు మించి ఎవరైనా ఏం కోరతారు? 2013లో మరో అడవి పులి, ఈసారి మగది, అదే విధంగా తనంతట తాను లోపలికి వచ్చింది. అధికారులు పొంగిపోయి దానికి నందన్ అని పేరు పెట్టి సకల మర్యాదలూ చేశారు. అది కొన్ని వారాలు ఉండి, పరిస్థితులన్నీ గమనించి, ఒక రాత్రి కంచె దాటి వెళ్లిపోయింది.

మన పిల్లలు కానన్ పక్షం, తండ్రులు నందన్ పక్షం. తల్లులు మనవలు ఎటుంటే అటు. అక్టోబరు మొదటి వారంలో, ఆకులు రాలడం మొదలై ఇంట్లో హీటరు వేసే వేళకు, తండ్రి గొంతు సవరించుకుని తిరుగు ప్రయాణం తేదీ ముందుకు జరపడానికి ఎంతవుతుందో కనుక్కోమంటాడు. కొడుకు లెక్కలు తెలిసినవాడు. “అదేంటి నాన్నగారూ, మీ కోసమే జూకి ఏడాది పాసు తీసుకున్నాం. ఇంకా రెండుసార్లైనా వెళ్తేనే గాని అది గిట్టుబాటు కాదు” అంటాడు. ఆ రెండుసార్లూ పూర్తి చేయడానికి వచ్చే శని, ఆదివారాలు ఖాయమవుతాయి.