వెంట్రుకవాసి వదులు కోరే బేరింగు గారికి

ట్రాక్టరు ట్రాలీ ఎడమ చక్రంలో వేంచేసియున్న టేపర్ రోలరు బేరింగు గారికి, సదరు ట్రాలీ యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

కోతల రోజుల్లో, ధాన్యం బస్తాలు నిండుగా ఉన్న సమయం చూసి, మిల్లు కనుచూపు మేరలోకి వచ్చాక, తమరు వేడికి కాలి నీలిరంగుకు తిరిగి ఇరుసును కరుచుకొని కూర్చున్నారు. ఆనాడు నడిరోడ్డు మీద నేను తమను అన్న మాటలన్నింటినీ ఇందుమూలంగా వెనక్కు తీసుకుంటున్నాను. అవి చెందవలసిన వారు వేరే ఉన్నారు, వారిలో నేనూ ఒకడిని.

తమ వంశం చిన్నదేమీ కాదు. గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో అమెరికాలో తమకు పేటెంటు సంపాదించారు. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉండే తమ రోలర్లు పైనుండి పడే బరువునూ, మలుపులో పక్కకు తోసే బలాన్నీ కలిపి మోస్తాయి. మా తాతగారి ఎడ్లబండికి ఇంత ఏర్పాటు లేదు. ఆముదంలో గడ్డి మసి కలిపి ఇరుసుకు పూసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు గనుక, అది ఎండిన రోజున ఊరంతటికీ తెలిసేది. తమరు మాత్రం పెద్దమనిషి తరహాలో సన్నగా మూలుగుతారు. ఇంజను చప్పుడులో, ఆపైన డ్రైవరు పెట్టే పాటల హోరులో, ఆ మూలుగు ఎవరి చెవిన పడాలి?

తమ కోరిక కూడా చిన్నదే. చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పుతూ, రోలర్లు కప్పులో, అంటే తమ బయటి వలయంలో, సర్దుకొనేదాకా నట్టు బిగించి, తరువాత దానిని పూర్తిగా వదిలి, మళ్ళీ వేళ్ళకు అందినంత మాత్రమే బిగించాలి. నట్టు తిరిగిపోకుండా గుచ్చే స్ప్లిట్ పిన్నుకు రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కే గాని ముందుకు తిప్పకూడదు. అప్పుడు మిగిలే వదులు సాధారణంగా 0.025 నుండి 0.125 మిల్లీమీటర్ల లోపు, అంటే వెంట్రుకవాసి. నడకలో వేడెక్కిన ఇనుము ఆ కాస్త జాగాలోకే వ్యాకోచించాలి. అది లేకపోతే వేడి పెరిగి, గ్రీజు కరిగి కారిపోయి, తమరు ఆనాటి అవతారం ఎత్తుతారు. మరీ వదిలినా చక్రం ఊగుతుంది, సీలు అరుగుతుంది, టైరు ఓ పక్కనే తినేస్తుంది.

ఈ వెంట్రుకవాసి మా మెకానిక్కు గారికి అవమానం. ఆయన పానాకు గొట్టం తగిలించి, దాని మీద తన ఒంటి బరువంతా వేసి బిగించారు. వదలమని నేను గొణిగితే, "చక్రం ఊడిపోదుటండీ?" అని నన్నే ప్రశ్నించారు. ఊడిపోకుండా చూసేది బిగువు కాదు, స్ప్లిట్ పిన్ను. ఎడ్లబండిలో ఆ పని కడచీల చేసేది. ఈ సంగతి నాకు ఆనాడు తెలియదు కనుక, తెలిసినవాడిలా తల ఊపాను. గ్రీజు విషయంలోనూ అంతే: అరచేతిలో ముద్ద పెట్టుకొని, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొంగేదాకా తమను అందులోకి అదమాలి. మా మెకానిక్కు గారు పైన ఒక పూత పూసి, పెళ్ళికూతురిని చేసినంత తృప్తిగా చూశారు. కొత్త కోనును, అంటే రోలర్లున్న లోపలి వలయాన్ని, పాత కప్పులోనే కూర్చోబెట్టడం మాత్రం నా పొదుపు. ఆ పాపం పూర్తిగా నాదే.

మొన్న ఆదివారం చక్రం నడిమి హబ్బు విప్పించి, కప్పూ కోనూ జతగా కొత్తవి వేయించి, నట్టును నా వేళ్ళతోనే బిగించాను. పది కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. తమ దయ అలాగే ఉండనివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: విప్పినప్పుడు స్ప్లిట్ పిన్ను స్థానంలో వంచిన మేకు ఒకటి బయటపడింది. షెడ్డు గోడకు క్యాలెండరు తగిలించిన మేకు ఏమైందని మా ఇంటివారు రెండు నెలలుగా అడుగుతున్నారు.