రెండు శాతం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెండు శాతం గారికి,

గోదావరి డెల్టాలో కాలువ శివారున ఉన్న ఓ ఊరి నుంచి నమస్కారాలండి. మార్చి నెల వెళ్లేలోగా తమరు ఎటూ దర్శనమిస్తారు కదా అని ముందుగానే రాస్తున్నాం. లెక్కల సంవత్సరం ముగిసేలోపు ఖర్చయిపోవాలన్న టెన్షన్ తమరిది. కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకోవాలన్న టెన్షన్ మాది. అందుకే ఆ నెలలో మనం ఒకరినొకరు చాలా ఆప్యాయంగా చూసుకుంటాం.

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలుసండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లో పుట్టారు. 2014 ఏప్రిల్ 1 నుంచి నడక మొదలెట్టారు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, ఏడాది లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ రెండు రూపాయలే తమరు. కాగితాల మీద పేరు కార్పొరేట్ సామాజిక బాధ్యత, ముద్దుపేరు సీఎస్ఆర్.

ఊళ్లో తమరి గుర్తు లేని చోటు లేదు. బడిలో ప్రతి బెంచీ వీపు మీదా కంపెనీ పేరుంది. మొదటిరోజు పిల్లల చొక్కాల వీపుల మీద కూడా కనిపించింది, పెయింటు ఆరకముందే ప్రారంభోత్సవం పెట్టారు కదా మరి. ఇక వాటర్ ప్లాంటు సంగతి. చుట్టూ ఉన్న వరిచేలు రొయ్యల చెరువులయ్యాక మా బోరునీళ్లు ఉప్పెక్కాయి. ఆ రొయ్యలు కొని, ఒలిపించి, ఐసు పెట్టి విదేశాలకి పంపే కంపెనీ వారే మా దాహం చూడలేక ప్లాంటు పెట్టించారు. ఉప్పు తెచ్చిన వ్యాపారం లాభంలోంచే ఉప్పు తీసే మిషను వచ్చింది. మిషను తీసిన ఉప్పునీళ్లు మళ్లీ డ్రెయిన్‌లోకే వెళ్తాయి. డబ్బు ఇంత దగ్గర దారిలో తిరగడం మేమెక్కడా చూళ్లేదు. టిన్ను నీళ్లు మటుకు మేం కొనుక్కుంటాం లెండి, ఊరికే ఇస్తే విలువ తెలియదట.

అన్నిటికన్నా మెడికల్ క్యాంపు మా మనసులో ఉండిపోయింది. షామియానా, కుర్చీలు, వచ్చిన పెద్దలకి ఆత్రేయపురం పూతరేకులు. బీపీ చూశారు, షుగర్ చూశారు, ముసలాళ్లకి కళ్లజోళ్లు రాశారు. లైన్‌లో మా వదిన కూడా నిలబడింది. ఆవిడ ఆ కంపెనీకే రొయ్యల తలలు తీస్తుంది. కంపెనీలో మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. కిలోకింతని లెక్క. తెల్లారకముందే వ్యాను వస్తుంది, ఐసునీళ్లలో చేతులు పెడితే మళ్లీ వ్యాను ఎక్కేదాకా తీయడానికుండదు. గ్లౌజు చిరిగితే దాంతోనే కానివ్వాలి. బాత్రూంకి వెళ్తే వెళ్లినంతసేపు కిలోలు తగ్గుతాయి కాబట్టి మంచినీళ్లు తాగడమే మానేసింది. ఊరికి వాటర్ ప్లాంటు ఉన్నా సరే.

డాక్టరుగారు ఆవిడ వేళ్లు చూసి, ఒరుసుకుపోయిన చర్మం చూసి, ట్యూబు ఒకటి రాసిచ్చారు. "చల్లనీళ్లలో చేతులు పెట్టకమ్మా. పనిచేసే చోట చెప్పి నాలుగు రోజులు సెలవు తీసుకో" అన్నారు. పనిచేసే చోటు వారు వేదిక మీదే కూర్చుని ఉన్నారు, మెడలో దండతో. మా వదిన అటోసారి చూసి ట్యూబు కొంగున కట్టుకుని వచ్చేసింది. క్యాంపులో తీసిన ఆవిడ ఫొటో తమరి వార్షిక నివేదికలో పడిందని మా కుర్రాడు ఫోన్‌లో చూపించాడు. చేతులు కనిపించవు గానీ, ఆవిడ నవ్వుతున్నట్టే ఉంది.

సొంత ఉద్యోగులకి మాత్రమే మేలుచేసే ఖర్చు తమరి కింద రాయకూడదని రూలుందట. మంచి రూలే. కూలీకి ఇవ్వాల్సింది ఇచ్చి దానం అని చెప్పుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. మరి గ్లౌజుల ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారని అడిగితే, తమరికో అన్నగారున్నారని చెప్పారు. పేరు తొంభై ఎనిమిది శాతం గారు. ఆయన ఏ సభకీ రారట, శిలాఫలకాల మీద పేరు వేయించుకోరట. అంత పెద్దమనిషి ఇంత నిరాడంబరంగా ఉండటం మాకు ఆశ్చర్యమేసింది.

ఆయన్ని కలవాలని మాకు పాత కోరిక. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బద్దలై 65 రోజులు మండినప్పుడు తమరింకా పుట్టనేలేదు, తమరినేమీ అనం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో పైపులోంచి గ్యాస్ కారి అంటుకుని ఊళ్లోవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేటప్పటికి మాత్రం తమరికి మూడో నెల. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి, విషవాయువుకి ఐదుగురు పోయారు. పైపు మార్చడం, ట్యాంకులోకి దిగే మనిషికి మాస్కు ఇవ్వడం తమరి పద్దు కాదు. అది అన్నగారి పద్దు. ఆయన సంతకం పెట్టే రోజున ఎవరూ రిబ్బన్ కత్తిరించరు, అదొక్కటే ఆ పనికున్న లోపం.

2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన సూత్రాలు కొన్నున్నాయండి, మొత్తం 31. హక్కులు కాపాడటం ప్రభుత్వం పని, వాటిని గౌరవించడం కంపెనీ పని, నష్టపోయినవాడికి పరిహారం దొరికే దారి ఉండాలి అని వాటి సారం. కంపెనీ ఎక్కడో మంచిపని చేసింది కదా అని తన పనిలో హక్కులు తొక్కిన బాకీ చెల్లు కాదని కూడా అందులో విడమరిచి చెప్పారు. ఇది చదివి తమరేమైనా నొచ్చుకున్నారేమోనని మాకు బెంగ. మన దేశంలోనూ 2019లో కేంద్రం బాధ్యతాయుత వ్యాపారానికి మార్గదర్శకాలు ఇచ్చింది, మానవ హక్కులు అందులో ఐదో సూత్రం. షేర్ మార్కెట్‌లో విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు ఏటా వాటి మీద రిపోర్టు కూడా ఇవ్వాలి. మా వదిన కాంట్రాక్టరు ఆ వెయ్యిలో లేడు, వ్యాను ఓనరు అంతకన్నా లేడు.

నష్టపోయినవాళ్లు చెప్పుకునే దారి ఉంది లెండి. షెడ్డులో ఫిర్యాదుల పెట్టె ఉంది. సూపర్‌వైజరు కుర్చీ వెనకాల గోడకి కొట్టారు, తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. అందులో ఒకే ఒక్కసారి కాగితం పడింది. విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్ వాళ్లు వచ్చిన రోజున, కొత్త గ్లౌజులు, కొత్త టోపీలు ఇచ్చి, "ఇక్కడ మాకు ఏ ఇబ్బందీ లేదు" అని ఆడవాళ్లందరి చేతా రాయించి వేయించారు. రాయడం రానివాళ్లకి ఆయనే రాసిపెట్టారు.

అందుచేత ఈ మార్చిలో మాకు బస్ షెల్టరు వద్దండి. మొక్కలూ వద్దు, పోయినేడాది మొక్కల చుట్టూ పెట్టిన కంచెలు ఇంకా బాగానే ఉన్నాయి, లోపల మొక్కలే లేవు. తమరు అన్నగారిని వెంటబెట్టుకుని రండి. వేదిక అక్కర్లేదు, రామాలయం అరుగు మీద కూర్చుందాం. కిలోకి ఎంతిస్తున్నారో, పీఎఫ్ కట్టారో లేదో, గొంతేరు, యనమదుర్రు డ్రెయిన్లలోకి ఏం వదులుతున్నారో ఆయన నోటితో వినాలని ఉంది. టీ, పకోడీ మాదే.

ఇట్లు,
తమరి లబ్ధిదారులు

తా.క. ఆదివారం మటుకు పెట్టుకోకండి. ఆర్డర్లు ఎక్కువుంటే ఆ రోజు కూడా వ్యాను వస్తుంది.